లారీ హెడ్‌లైట్ల వెలుతురు పెంచుకోవడం ఎలా?

రాత్రిపూట లోడుతో విజయవాడ హైవే మీద వస్తుంటే, ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీ బాగా దగ్గరికి వచ్చేదాకా కనపడకపోతే గుండె ఎలా ఝల్లుమంటుందో లారీ తోలేవాళ్లకు చెప్పక్కర్లేదు. ట్రాలీ వెనక రేడియం స్టిక్కరు కూడా ఉండదు. మా పాత పది టైర్ల బండితో నాకు అలాంటి రాత్రి ఒకటి ఎదురైంది. మర్నాడే 100/90 వాట్ల (బ్రైట్‌కు 100, డిమ్‌కు 90) బల్బులు కొని వేయించాను. వారం రోజులు పట్టపగల్లా వెలిగాయి. పదో రోజుకు ఎడమ లైటు ఆరిపోయింది. విప్పి చూస్తే ప్లాస్టిక్ హోల్డరు కరిగి, బల్బు కాళ్లకు బంకలా అతుక్కుని ఉంది. వెనక వైరు మీద తొడుగు చేత్తో పట్టుకుంటే పెళుసుగా రాలిపోయింది.

ఆ తర్వాత మీటరు పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. బ్యాటరీ దగ్గర 27.4 వోల్టులు ఉంటే, బల్బు దగ్గరికి వచ్చేది 23.8 మాత్రమే. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. అంటే పాత బల్బులు ఇవ్వాల్సిన వెలుతురులో మూడో వంతుకు పైగా వైర్లలోనే పోతోందన్నమాట. అందుకే నేను చెప్పే వరసలో కొత్త బల్బు మూడో పని.

ముందు మీటరు పెట్టండి

ఇంజను స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు వేయండి. మల్టీమీటరుతో మొదట బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి. 24 వోల్టుల బండికి ఇంజను నడుస్తుండగా సుమారు 27.5 నుంచి 28.5 ఉండాలి. 29 దాటుతుంటే ఆల్టర్నేటర్ ఎక్కువ చార్జ్ చేస్తున్నట్టు. ముందు అది బాగు చేయించకపోతే ఎంత ఖరీదైన బల్బు వేసినా త్వరగా మాడిపోతుంది.

తర్వాత బల్బు వెలుగుతుండగానే హోల్డరు వెనక నుంచి మీటరు పుల్లలు పెట్టి చూడండి. బల్బు పీకేసి చూస్తే లాభం లేదు, కరెంటు పారనప్పుడు పాడైన వైరు కూడా మంచిదానిలాగే చూపిస్తుంది. బ్యాటరీకీ హోల్డరుకీ తేడా అర వోల్టు ఉంటే పరవాలేదు. ఒకటిన్నర దాటితే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) వేసుకోవాల్సిందే. హోల్డరు ఎర్తు పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కూడా ఒకసారి చూడండి. చాలా బళ్లలో జబ్బు అక్కడే, తుప్పు పట్టిన ఎర్తు బోల్టు దగ్గరే. దాన్ని విప్పి, ఎమరీ పేపరుతో రుద్ది, గట్టిగా బిగిస్తే సగం పని పైసా ఖర్చు లేకుండా అయిపోతుంది.

అద్దం, రిఫ్లెక్టర్

పాత బళ్లకు ఉండే గాజు అద్దాన్ని సబ్బు నీళ్లతో కడిగితే చాలు. ప్లాస్టిక్ అద్దం పసుపెక్కితే 1000, ఆ తర్వాత 2000 నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్ది పాలిష్ పట్టాలి. ఎండ తట్టుకునే పూత కూడా వేయించాలి, లేకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. లోపలి రిఫ్లెక్టర్‌ను మాత్రం గుడ్డతో తుడవకండి, దాని వెండి మెరుపు చాలా పల్చని పూత. అది నల్లబడి ఉంటే హెడ్‌లైట్ మొత్తం మార్చడమే దారి. కొత్తది కొనేటప్పుడు ఎడమవైపు నడిచే దేశాలకు చేసిందే తీసుకోండి. వేరే దేశం మాల్ అయితే వెలుతురు రోడ్డు అంచు మీదికి కాకుండా ఎదురు బండి మీదికి లేస్తుంది.

ఏ బల్బు?

మన లారీల్లో చాలావాటికి హెచ్4 బల్బు వస్తుంది. 24 వోల్టుల హెచ్4కు సరైన వాటేజీ 75/70. కార్లకూ చిన్న పికప్‌లకూ వేసే 12 వోల్టుల 60/55 బల్బును పొరపాటున లారీకి పెడితే క్షణంలో మాడిపోతుంది. అదే 75/70లో ఎక్కువ వెలుతురిచ్చే రకాలు ఉన్నాయి. డబ్బా మీద ప్లస్ 30, ప్లస్ 100 అని రాసి ఉంటుంది. వాటిలో ఫిలమెంట్ మరింత వేడిగా వెలుగుతుంది కాబట్టి ఆయుష్షు తక్కువ. రోజూ రాత్రి నడిచే బండికి, గతుకులు తట్టుకునే ట్రక్కు రకం మేలని నా అభిప్రాయం. ఫిలిప్స్ మాస్టర్‌డ్యూటీ, ఓస్రామ్ ట్రక్‌స్టార్ అలాంటివే. నీలం రంగు పూసినవి వద్దు. ఆ రంగు కొంత వెలుతురును మింగేస్తుంది.

ఎల్ఈడీ బల్బు గురించి అందరూ అడుగుతారు. హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని గాజులోంచి ఒకసారి చూడండి. రెండు ఫిలమెంట్లు కనపడతాయి. డిమ్ ఫిలమెంట్ కింద చిన్న దొప్పలాంటి రేకు ఉంటుంది. వెలుతురును రిఫ్లెక్టర్ పై సగం మీదికే పంపి, అక్కడి నుంచి రోడ్డు మీదికి దించేది ఆ రేకే. ఫిలమెంట్ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా లెక్క తప్పుతుంది. ఆ చోట మార్కెట్లో దొరికే ఎల్ఈడీ పెడితే చాలావరకు వెలుతురు చెదిరి పైకి లేస్తుంది. తోలేవాడికి ముందంతా తెల్లగా కనపడుతుంది, దూరం మాత్రం కనపడదు. ఎదురుగా బండి మీద పాల క్యాన్లతో వచ్చే మనిషి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు దిగిపోవడం నేను చూశాను. ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకున్న ఆ మనిషి పడిపోతే ఆ పాపం మనదే. ఎల్ఈడీయే కావాలంటే ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చే పూర్తి హెడ్‌లైట్ సెట్టు వేయించుకోండి.

రిలే వైరింగ్

ఈ పని పాత బళ్లకు. బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చిన) బళ్లలో లైట్లు ఎలక్ట్రానిక్ యూనిట్ ద్వారా వెలుగుతాయి కాబట్టి వైరు కోయకుండా షోరూమ్‌లోనే చూపించండి.

కావాల్సినవి: 24 వోల్టుల రిలేలు రెండు (డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి), 10 ఆంపియర్ల ఫ్యూజులు రెండు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పింగాణీ హోల్డర్లు రెండు.

బ్యాటరీ వైర్లు విప్పాకే మొదలుపెట్టండి. రిలే మీద అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా కొత్త వైరు, 87 నుంచి బల్బులకు, 85 ఎర్తుకు. పాత హోల్డరుకు వచ్చే డిమ్ వైరును ఒక రిలే 86కి, బ్రైట్ వైరును రెండో రిలే 86కి కలపాలి. ఇక పాత వైరు రిలేను లేపడానికే పనికొస్తుంది, అసలు కరెంటు కొత్త దారిలో పోతుంది. స్విచ్ కాంటాక్టులు కాలడం కూడా తగ్గుతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. దూరంగా పెడితే మధ్యలో వైరు రాపిడికి తెగి బాడీకి తగిలినప్పుడు మంట ఆపేవాడు ఉండడు.

లారీలో రెండు బ్యాటరీలు వరసగా కలిసి ఉంటాయి. ప్లస్‌ను 24 వోల్టులు వచ్చే చివర నుంచే తీసుకోండి. రెండింటి నడుమ నుంచి తీస్తే వచ్చేది 12 మాత్రమే. టేపు రికార్డరుకు అలా తీసినవాళ్ల బ్యాటరీల్లో ఒకటి ముందే చావడం చాలాసార్లు చూశాను.

బిగించడం, లెవెల్ చూడడం

బల్బును ఇత్తడి దిమ్మ దగ్గరే పట్టుకోండి. వేలి జిడ్డు గాజుకు అంటితే ఆ చోటే వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడవండి. మూడు చెవుల్లో వెడల్పుది పైకి వచ్చేలా కూర్చోబెట్టి, స్ప్రింగు వేసి, రబ్బరు తొడుగు సరిగ్గా తొడగండి. రెండు వైపులా ఒకేసారి మార్చండి.

ఇక లెవెల్. టైర్లలో గాలి సరిచూసుకుని, మామూలుగా తోలేంత లోడుతో చదును నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపండి. ఖాళీ బండితో లెవెల్ పెడితే లోడు పడగానే వెనక కుంగి ముందు లేస్తుంది, లైట్లు చెట్ల కొమ్మల్లోకి పోతాయి. హెడ్‌లైట్ మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తో కొలిచి గోడ మీద గీత గీయండి. డిమ్ వేస్తే వెలుతురు పై అంచు ఆ గీతకు 10 నుంచి 20 సెంటీమీటర్లు కింద పడాలి. లైటు ఎంత ఎత్తులో ఉంటే అంత ఎక్కువ దించాలి. హెడ్‌లైట్ మీద 1% అని ముద్ర ఉంటే 10 సెంటీమీటర్లు, 2% అంటే 20. అంచు కుడివైపు సమంగా, ఎడమవైపు కొద్దిగా పైకి లేచి ఉంటే సరిగ్గా కుదిరినట్టే. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) పోయినప్పుడు లైట్ల దగ్గర ఇబ్బంది ఉండదు.

వారం తిరిగాక ఒకసారి బానెట్ లేపి, లైట్లు గంటసేపు వెలిగిన తర్వాత, హోల్డరు వెనక వైరును ముట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే క్లిప్పు వదులైనట్టే, ఆ రాత్రికే దాన్ని మార్చేయండి.