కొత్త స్ట్రీమర్ పెట్టాక పాట తెగుతున్నా, స్పీకర్లలో రొద వస్తున్నా: సమస్య - పరిష్కారం

పాత స్టీరియో యాంప్లిఫయర్‌నూ స్పీకర్లనూ అలాగే ఉంచుకొని, వాటికి ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చి వినిపించే ఒక స్ట్రీమర్‌నూ, డిజిటల్ సంకేతాన్ని ధ్వనిగా మార్చే డాక్‌నూ జోడించుకుంటే ఇంట్లో సంగీతం తక్కువ ఖర్చుతోనే ఎంతో మెరుగుపడుతుంది. అయితే కొత్త పరికరం పెట్టిన మొదటి వారంలోనే ఏదో ఒక ఇబ్బంది తలెత్తడం, ఆ నింద కొత్త పెట్టె మీద పడడం, దాన్ని అమ్మేసి ఇంకా ఖరీదైనది కొనడం చాలా ఇళ్లలో చూశాను. నేను చూసినంతలో లోపం ఆ పెట్టెలో ఉండడం అరుదు. దానికి అందే కరెంటులోనో, వైఫైలోనో, ఎర్తింగ్‌లోనో ఉంటుంది. ఇక్కడ రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో తయారుచేసుకున్న స్ట్రీమర్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను కానీ, దుకాణంలో కొన్న స్ట్రీమర్‌కైనా పరీక్షించే క్రమం ఇదే.

పాట మధ్యమధ్యలో తెగిపోతోంది

ముందుగా అది ఎలా తెగుతోందో శ్రద్ధగా వినండి. పాట రెండు మూడు సెకన్లు పూర్తిగా ఆగి మళ్లీ మొదలవుతుంటే నెట్‌వర్క్‌ను అనుమానించాలి. పాట నడుస్తూనే చిటపటలు వినిపిస్తుంటే కరెంటునో, యూఎస్‌బీ అనుసంధానాన్నో అనుమానించాలి. తేల్చుకోవడానికి సులువైన మార్గం ఒకటుంది. పెన్‌డ్రైవ్‌లో కొన్ని పాటలు ఎక్కించి నేరుగా స్ట్రీమర్‌కు పెట్టి వినండి. అవి నిరాటంకంగా సాగితే తప్పు నెట్‌వర్క్‌దే.

నెట్‌వర్క్‌దే తప్పని తేలగానే చాలామంది ఎక్కువ వేగం ఉన్న ఇంటర్నెట్ ప్లాన్‌కు మారతారు. అది వృథా ఖర్చు. సీడీ నాణ్యతతో వచ్చే సంగీతానికి సెకనుకు 1.4 మెగాబిట్లు చాలు. అంతకన్నా సూక్ష్మంగా రికార్డు చేసిన 24 బిట్ల, 192 కిలోహెర్ట్జ్ సంగీతానికి కూడా, ఏమాత్రం కుదించకుండా పంపినా, 9.2 మెగాబిట్లే కావాలి. సంగీతానికి కావలసింది వేగం కాదు, నిలకడ. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఇరుగుపొరుగు రౌటర్లతో కిక్కిరిసి ఉంటుంది; అందులో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. రౌటర్ నుంచి స్ట్రీమర్‌కు ల్యాన్ కేబుల్ లాగడం అన్నిటికన్నా మంచి పరిష్కారం. గోడల వల్ల అది కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి.

ఇక్కడ ఒక విచిత్రమైన కారణం కూడా ఉంది. బోర్డు మీద నీలిరంగులో కనిపించే యూఎస్‌బీ 3.0 పోర్టుకు హార్డ్‌డిస్క్ తగిలిస్తే, ఆ అనుసంధానం నుంచి వెలువడే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే పడి, పక్కనే ఉన్న వైఫైని బలహీనపరుస్తుంది. డిస్క్‌ను తీసేయగానే వైఫై కోలుకుంటే కారణం దొరికినట్టే. దాన్ని కాస్త పొడవైన, మంచి షీల్డింగ్ ఉన్న కేబుల్‌తో దూరంగా పెట్టండి, లేదా ల్యాన్ కేబుల్‌కు మారండి.

పెన్‌డ్రైవ్ పాటలోనూ చిటపటలు వస్తుంటే అడాప్టర్‌ను చూడాలి. ఈ బోర్డుకు 5 వోల్ట్ల దగ్గర 3 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టర్ కావాలి. ఇంట్లో పడి ఉన్న ఫోన్ ఛార్జర్ మీద ఆ అంకెలు రాసి ఉన్నప్పటికీ, సన్నటి తీగలో వోల్టేజ్ పడిపోతుంది. అది దాదాపు 4.63 వోల్ట్ల కన్నా తగ్గినప్పుడు బోర్డు మీది ఎర్ర దీపం ఆరిపోతుంది. రాత్రి గదిలో లైట్లు ఆర్పి, పాట పెట్టి, ఒక పది నిమిషాలు ఆ దీపాన్నే గమనించండి. అది మినుకుమన్న క్షణంలోనే స్పీకరులో చిటుక్కుమంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు. నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి ఈ బోర్డు ఇవ్వగలిగేది 1.2 ఆంపియర్లే కనుక, డాక్‌నూ హార్డ్‌డిస్క్‌నూ రెండింటినీ దాని మీదే ఆధారపడనివ్వకండి. డిస్క్‌కు విడిగా కరెంటు ఇవ్వండి.

స్పీకర్లలో ఎడతెగని గుయ్‌మనే రొద

మా ఇంట్లో డాక్ పెట్టిన రోజే ఈ రొద మొదలైంది. ఆ సాయంత్రమంతా కేబుళ్లు మార్చి చూశాను, డాక్‌ను తీసి మళ్లీ పెట్టాను, ఏమీ తేడా రాలేదు. చివరికి టీవీ వెనక చెయ్యి పెట్టి, సెట్ టాప్ బాక్స్‌కు బిగించిన కేబుల్ టీవీ వైరు మరను తిప్పి లాగాను. ఆ లోహపు అంచు విడిపోగానే గది నిశ్శబ్దమైపోయింది. ఆ వైరు ఎక్కడో బయట ఎర్త్ అవుతుంది, యాంప్లిఫయర్ మా గోడ ప్లగ్ ద్వారా ఎర్త్ అవుతుంది. రెండు ఎర్త్‌ల మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజ్ తేడా ఆడియో కేబుల్ గుండా ప్రవహించి 50 హెర్ట్జ్ రొదగా వినిపిస్తుంది. టీవీకీ డాక్‌కీ మధ్య ఆప్టికల్ కేబుల్ వేస్తే అందులో లోహపు తీగ ఉండదు కనుక ఆ దారి తెగిపోతుంది. కుదరకపోతే టీవీ వైరుకు, ఆ లోహపు దారిని తెంపే ఐసొలేటర్ పెట్టించండి. ప్లగ్‌లోని మూడో పిన్ విరగ్గొడితే రొద పోతుందని చెప్పేవారుంటారు. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి, అది ఇంట్లోవారి ప్రాణాలు కాపాడే పిన్.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే రొద వస్తుంటే కారణం వేరు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మరే గుర్రుమంటుంది. పెట్టె మీద చెవి ఆనిస్తే తెలిసిపోతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఇది ఉండదు.

ఫోన్ యాప్‌లో స్ట్రీమర్ కనిపించడం లేదు

కరెంటు వచ్చాక రౌటర్ కన్నా ముందే స్ట్రీమర్ లేచి, రౌటర్ ఇవ్వాల్సిన నెట్‌వర్క్ చిరునామా దొరక్క మిగిలిపోయి ఉండవచ్చు. స్ట్రీమర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయండి. రౌటర్‌లో అతిథుల కోసం విడిగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్‌లో ఫోన్ ఉన్నా స్ట్రీమర్ కనిపించదు.

టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ వేస్తే శబ్దమే రాదు, లేదా బుస్సుమంటుంది

టీవీ డాల్బీ రూపంలో పంపుతోంది, స్టీరియో డాక్‌కు అది అర్థం కాదు. టీవీ సెట్టింగులలో డిజిటల్ ఆడియోను డాక్‌కు అర్థమయ్యే మామూలు రూపమైన పీసీఎంకు మార్చండి.

పాట పగిలినట్టు, మందంగా వినిపిస్తోంది

యాంప్లిఫయర్ వెనక ఫోనో అని రాసి ఉన్న చోట డాక్‌ను పెట్టారేమో చూడండి. అది గ్రామఫోన్ సూది నుంచి వచ్చే కొద్ది మిల్లీవోల్టుల కోసం చేసినది; డాక్ ఇచ్చేది సుమారు 2 వోల్టులు. ఆక్స్ లేదా సీడీ అని ఉన్న చోటికి మార్చండి.

అంతా సరిగా ఉన్నా తేడా ఏమీ వినిపించడం లేదు

ఇంకా ఫోన్ నుంచి బ్లూటూత్‌లోనే పంపుతున్నారేమో చూసుకోండి. సాధారణ బ్లూటూత్ కుదింపులో సెకనుకు 330 కిలోబిట్ల లోపే వెళ్తాయి, సీడీ నాణ్యతకు 1,411 కావాలి. యాప్‌లో స్ట్రీమర్‌నే ఎంచుకుంటే పాటను అదే ఇంటర్నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది, ఫోన్ రిమోట్‌గా మాత్రమే మిగులుతుంది.

పాట మొదటి అక్షరం వినిపించడం లేదు

ఒక పాట శాంప్లింగ్ రేటు 44.1 కిలోహెర్ట్జ్, తరువాతిదానిది 96 అయితే, డాక్ ఆ మార్పును అందుకునేంతవరకు తనను తాను మూగగా ఉంచుకుంటుంది. ఈలోగా పాట మొదలైపోతుంది. స్ట్రీమర్ సాఫ్ట్‌వేర్‌లో పాట మొదలయ్యే ముందు ఆలస్యం పెట్టే సెట్టింగు ఉంటే అర సెకనుతో మొదలుపెట్టి, తంబురా మొదటి మీటు పూర్తిగా వినిపించేదాకా కొద్దికొద్దిగా పెంచండి.