ఏపీటీ అప్‌గ్రేడ్ అయినా పాత వర్షనే నడుస్తోందా?

సమస్య: ఉబుంటు సర్వర్‌లో ఏపీటీతో (ప్రోగ్రాములు వేసి అప్‌డేట్ చేసే టూల్) అప్‌గ్రేడ్ ఎర్రర్ లేకుండా అయిపోతాది, కానీ రెడిస్ (డేటాని మెమరీలో ఉంచే డేటాబేస్) వర్షన్ అడిగితే పాతదే చెప్తాది. లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక లాడ్జి బుకింగ్ సర్వర్‌లో ఇదే చూసినాను, ముందు ఆ సర్వర్ చూసుకున్నాయన ఉద్యోగం మారి బెంగుళూరు పోయినాడు, ఏం వేసినాడో ఎందుకు వేసినాడో ఎక్కడా ఒక్క ముక్క రాసి పెట్టలేదు.

కారణం: సోర్స్ (ప్రోగ్రామ్ అసలు కోడ్) తెచ్చి కంపైల్ చేసి మేక్ ఇన్‌స్టాల్ కొడితే రెడిస్ /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో కూర్చుంటాది, ఏపీటీ వేసేది /యూఎస్ఆర్/బిన్‌లో. పాత్‌లో (కమాండ్ల కోసం షెల్ వెతికే ఫోల్డర్ల వరుస) లోకల్‌దే ముందు కాబట్టి అదే దొరుకుతాది. చేత్తో వేసింది ఏపీటీకి అసలు కనపడదు, అందుకే సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా దానికి అందవు, నాకు అన్నిటికంటే భయం ఇదే.

ఎట్లా తేల్చుకోవాలంటే: టైప్ హైఫన్ ఏ అనే కమాండ్ కొట్టి ప్రోగ్రామ్ పేరు ఇవ్వండి, ఎన్ని కాపీలుంటే అన్నీ చూపిస్తాది. ఒక్కో ఫైల్‌ని డీపీకేజీ హైఫన్ క్యాపిటల్ ఎస్ కమాండ్‌కి ఇస్తే ఏ ప్యాకేజీదో చెప్తాది, చేత్తో వేసిందయితే దొరకలేదంటాది. నడుస్తున్న ప్రాసెస్ ఏ ఫైల్‌దో /ప్రాక్ కింద ఆ పీఐడీ (ప్రాసెస్ నంబర్) ఫోల్డర్‌లో ఈఎక్స్‌ఈ లింక్ చూడండి. సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ (సర్వీస్ ఏ ఫైల్‌తో నడుస్తోందో చూపించే కమాండ్) కూడా తప్పకుండా కొట్టండి, ఎందుకంటే /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్‌లో అదే పేరుతో సర్వీస్ ఫైల్ ఉంటే ప్యాకేజీది పక్కకి పోతాది.

పరిష్కారం: తొందరపడి డిలీట్ కొట్టొద్దండి. కాన్ఫిగ్‌లో డేటా ఎక్కడుందో చూసి, డంప్ ఫైల్ (రెడిస్ తన డేటా రాసి పెట్టే ఫైల్) కాపీ తీసుకుని, సర్వీస్ ఆపి, పాత బైనరీకి (చేత్తో వేసిన ప్రోగ్రామ్ ఫైల్) పేరు మార్చండి, చేత్తో రాసిన సర్వీస్ ఫైల్ కూడా తీసి డీమన్ రీలోడ్ (సర్వీస్ ఫైళ్ళని మళ్ళీ చదివించే కమాండ్) చేసి, ప్యాకేజీ కాన్ఫిగ్‌లో డేటా దారి సరిచూసి అప్పుడు స్టార్ట్ చేయండి. ప్యాకేజీ వర్షన్ కొత్తదని ముందే చూసుకోవాలి, కొత్త రెడిస్ రాసిన డంప్‌ని పాతది చదవలేకపోవచ్చు. షెల్ ఇంకా పాత దారే పడితే హాష్ హైఫన్ ఆర్ కొట్టండి, గుర్తుపెట్టుకున్న దారులు మర్చిపోతాది.

చేత్తోనే వేయక తప్పదనుకుంటే /యూఎస్ఆర్/లోకల్‌లోనే ఒక రీడ్‌మీ పెట్టండి: తేదీ, వర్షన్, డౌన్‌లోడ్ లింక్, చెక్‌సమ్ (ఫైల్ మారలేదని సరిచూసుకునే కోడ్), కొట్టిన కమాండ్లు ఉన్నదున్నట్టు, ఏ ఫైల్ ఎక్కడ పడింది, తీసేయాలంటే ఏం చేయాలి. ఏపీటీది ఉండగా ఇది ఎందుకు వేసినారో ఒక్క లైన్ రాయండి, అది లేకపోతే తర్వాత వచ్చినోళ్ళు తీసేదానికి ధైర్యం చేయరు. సోర్స్ ఫోల్డర్ పారేయొద్దు, మేక్ అన్‌ఇన్‌స్టాల్ ఉంటే అక్కడినుంచే నడవాల. అది లేని ప్రోగ్రామ్ అయితే డెస్ట్‌డిర్ (ఫైళ్ళు ఏ ఫోల్డర్‌లో పడాలో చెప్పే సెట్టింగ్) ఇచ్చి ఖాళీ ఫోల్డర్‌లోకి ఒకసారి ఇన్‌స్టాల్ చేయండి, సపోర్ట్ ఉంటే ఫైళ్ళ లిస్ట్ మొత్తం దొరుకుతాది, దాన్నీ ఆ రీడ్‌మీలోనే అతికించండి.