పాత సర్వేతో పోల్చబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

సర్వే సీజన్ దగ్గర పడింది. ఒక చోట అప్పట్లో ఏ మొక్కలు, జంతువులు ఉండేవో రాసిన పాత రికార్డు పట్టుకుని, ఇప్పుడేమున్నాయో చూడటానికి అదే చోటికి మళ్లీ వెళ్లేవాళ్ల కోసం ఇవి.

• చోటు నిజంగా అదేనా? ఇది తప్పితే మిగతా కష్టమంతా వృథా. 1802లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ ఈక్వడార్‌లోని చింబొరాజో అగ్నిపర్వతంపై నమోదు చేసిన మొక్కలు 500 మీటర్లకు పైగా పైకి జరిగాయని 2015లో తేల్చారు. 2019లో మూలాలు తిరగేస్తే, పై ఎత్తుల వివరాలు చాలావరకు అంటిసానా అనే వేరే అగ్నిపర్వతానివి! లెక్క 215–266 మీటర్లకు దిగింది. అచ్చయిన పట్టికను నమ్మకండి, ఫీల్డ్ నోట్‌బుక్ వెతకండి.

• జాబితాలో లేనంత మాత్రాన అక్కడ లేనట్టు కాదు. చూడకపోయి ఉండొచ్చు, రాయకపోయి ఉండొచ్చు.

• ఎంత శ్రమ పెట్టారు? ఎన్ని బోనులు, ఎన్ని రాత్రులు? 20వ శతాబ్దం తొలినాళ్లలో కాలిఫోర్నియాలో జంతుశాస్త్రవేత్త గ్రిన్నెల్ బృందం ఇలాంటివి రాసిపెట్టింది కాబట్టే 2003లో మొదలైన మళ్లీ సర్వేకి పనికొచ్చాయి. ఈ వివరం లేకపోతే సంఖ్యల జోలికి పోకండి, ఉనికి వరకే పోల్చండి.

• పేర్లు మారాయా? అప్పటి ఒక జాతి ఇప్పుడు రెండై ఉండొచ్చు. మ్యూజియంలో నమూనా ఉంటే అదే సాక్ష్యం.

• నెల కలవాలి. వలస పక్షులకైతే మరీను.

• పాత మ్యాప్ డేటమ్ (అక్షాంశ రేఖాంశాలను లెక్కించే ఆధారం) ఇప్పటిదానికి మార్చారా? లేదంటే పాయింట్ వందల మీటర్లు పక్కకు పోవచ్చు.