సద్ది మూట, సొంత పొయ్యి: పిండం తొలిరోజుల పాఠం బోర్డు మీద ఇట్లా చెప్పండి

హన్మకొండలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్తాను. వీర్యకణం కలవగానే పిండం జీన్స్ పని మొదలుపెడతాయని పేపర్లలో రాస్తుంటారు. మొదటి ఏడాది నేనూ అట్లనే చెప్పాను. "మరి మొదటి విభజనకు ప్రొటీన్లు ఎక్కడివి మేడం?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగితే డస్టర్ పట్టుకుని నిలబడిపోయాను.

పేపర్ల మాట తప్పు: ఆ ప్రొటీన్లు అండంలో ముందే దాచిన సరుకు నుంచి వస్తాయి. అందుకే ముందు ఎడమ కొసన అండం గీసి, పక్కన సద్ది మూట వేయండి. అండం పెరిగేటప్పుడే ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి జీన్ నుంచి తీసిన నకలు) తయారుచేసి దాచుకుంటుంది. పూర్తిగా ఎదిగాక డీఎన్‌ఏ నుంచి కొత్త నకళ్లు తీయడం ఆపేస్తుంది. మరి కంట్రోల్ ఎట్లా? ఎంఆర్‌ఎన్‌ఏ చివర వరుసగా ఉండే ఎ అక్షరాల తోకతో. తోక పొట్టిగా ఉన్నంతసేపు చాలావాటి మూట విప్పరు. అండం పరిపక్వమయ్యేటప్పుడు కొన్నింటి తోక పొడుగై ప్రొటీన్ తయారవుతుంది. ఒక ఎంఆర్‌ఎన్‌ఏ గీసి, చివర బోర్డు అంచుదాకా ఎ ఎ ఎ ఎ అని ఒక పిల్లతో రాయించండి. సుద్ద అరుగుతుంది గానీ ఎవరూ మర్చిపోరు.

ఇప్పుడు రెండు గీతలు. ఎర్రది అమ్మ కట్టిన సద్ది, కిందికి దిగాలి. పచ్చది పిండం సొంత పొయ్యి, అంటే దాని సొంత జీన్ల పని, పైకి లేవాలి. ఎలుకలో 2 కణాల దశలో మంట అందుకుంటుంది, మనిషిలో 4 నుంచి 8, ఆవులో 8 నుంచి 16. అంతకు ముందే కాస్త పొగ వస్తుంది, దాన్ని చుక్కలతో చూపిస్తే చాలు. ఎలుక అంకె మనిషికి రాస్తే మాత్రం నేను మార్కులు కోస్తాను.

మిథైల్ గుర్తులు (డీఎన్‌ఏ మీద ఉండి జీన్ల పనిని అదుపుచేసే రసాయన ముద్రలు) తొలిరోజుల్లో చాలావరకు చెరిగిపోతాయి. ఆ సంగతి నోటితో చెప్పకండి, డస్టర్‌తో చూపించండి. బోర్డంతా తుడుస్తూ ఒక మూల వదిలేయండి. ఆ మూలే ఇంప్రింటింగ్, అంటే అమ్మ నాన్నల నుంచి వచ్చిన గుర్తు చెరగకుండా మిగలడం: ఐజీఎఫ్2 జీన్‌లో నాన్న వైపుది పనిచేస్తుంది, అమ్మ వైపుది మూగగా ఉంటుంది.

మూలకణాలకు (వేరే రకాల కణాలుగా మారగలిగేవి) టైమ్ మిగలదు. పిండం లోపలి కణాల్లో ఆక్ట్4, నానోగ్ జీన్లు, బయటి వాటిలో సీడీఎక్స్2 జీన్ అని రాసి, 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాక 4 జీన్లతో ఎలుక చర్మకణాలను మూలకణాల స్థితికి వెనక్కి తిప్పాడని చెప్పేలోగా బెల్ కొడతారు. కొట్టనీయండి, రేపటికి అదే మొదలు.

పచ్చ సుద్ద ముందే కొనిపెట్టుకోండి. మా స్టాఫ్ రూమ్ డబ్బాలో ఎప్పుడు చూసినా తెల్లవే.