జీపుకు అదనపు లైట్లు బిగించే ముందు

మొట్టమొదట బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయండి. మళ్లీ తగిలించేది పని మొత్తం అయ్యాకే.

ఫ్యూజు దగ్గర బద్ధకం వద్దు. 60 వాట్ల లైట్లు రెండు పెడితే 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతాయి. 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడండి. ఫ్యూజు ఉండాల్సింది లైటు దగ్గర కాదు, బ్యాటరీ పాజిటివ్ పక్కన. తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే మంట రాకుండా ఆపేది అదే.

లైట్ల కరెంటు నేరుగా స్విచ్ మీదుగా పోనివ్వకండి, రిలే (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో లైట్ల పెద్ద కరెంటును కలిపే, తెంచే పరికరం) పెట్టండి. తీగ దూరే రంధ్రానికి రబ్బరు బుష్ తప్పనిసరి.

మైపాడు, కొత్తపట్నం తీరాల్లో తిరిగే బండైతే ఉప్పుగాలికి ఎర్తు బోల్టు (లైట్ల నెగటివ్ తీగను బండి బాడీకి బిగించేది) తుప్పు పడుతుంది. పెయింటు గీకి, గట్టిగా బిగించి, పైన గ్రీజు రాయండి. తీగల అతుకుల మీద ఉత్త టేపు మన నెల్లూరు ఎండకు ఆగదు లెండి, వేడి చేస్తే ముడుచుకుని తీగను పట్టేసే హీట్ ష్రింక్ గొట్టం మేలు.

హైవే ఎక్కితే ఈ అదనపు లైట్లకు మూతలు వేసెయ్యండి.