హైదరాబాద్ ట్రాఫిక్‌లో సైకిల్ తొక్కాలంటే
ముందు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్‌లో ఒంటిచేత్తో తొక్కుతూ వెనక్కి చూడడం బాగా అలవాటు చేసుకోండి, సిటీలో అదే కాపాడుతుంది. ఫ్రీ లెఫ్ట్ దగ్గర నేరుగా వెళ్లాలంటే కాస్త ముందుగానే వెనక్కి చూసి, చెయ్యి చాపి, లేన్ మధ్యకి రండి, మొహమాటం వద్దు. స్టాపులో ఆగిన బస్సుకి ఎడమవైపు ఎంత సందున్నా దూరకండి, దిగేవాళ్లు సరిగ్గా మీ హ్యాండిల్ మీదికే అడుగేస్తారు, డ్రైవర్‌కేమో అద్దంలో మీరు కనపడకపోవచ్చు. ఆగి ఉన్న కార్లకి మీటరు దూరం, తలుపు ఎప్పుడు తెరుస్తారో తెలీదు. రాంగ్ రూట్ అసలొద్దు. చీకటి పడితే వెనక ఎర్ర లైటు తప్పనిసరి. ఫుట్‌పాత్ నడిచేవాళ్లది, ఎక్కాల్సొస్తే దిగి నెట్టుకెళ్లండి. ఫుట్‌పాత్ లేని చోట నడిచేవాళ్లు మాత్రం ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడివైపు నడవాలి.