మందుల డబ్బా, 4వ పాఠం: విరేచనాలు ఆపే మాత్ర, ఆపకూడని విరేచనాలు

కిందటి పాఠంలో స్ట్రిప్ వెనక ఏముంటుందో చదవడం నేర్చుకున్నాం: మందు అసలు పేరు, మిల్లీగ్రాములు, గడువు తేదీ, నిలువు ఎర్ర గీత. ఆ చదువుతో ఇవాళ్టి నుంచి పని ఉంది. పాఠం మొదలుపెట్టేముందు లీటరుకు కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు, ఖాళీ లీటరు సీసా ఒకటి, టీ స్పూను, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. మాత్ర ఇంకా కొనకండి. దాని వంతు తర్వాత వస్తుంది.

రోజుకు మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు నీళ్లగా పోతే విరేచనాలు అంటాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో చాలావరకు రెండు మూడు రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఈలోగా మనిషిని పడగొట్టేది ఒంట్లోంచి పోతున్న నీళ్లూ ఉప్పూ. అందుకే మొదటి మందు ఓఆర్‌ఎస్, రెండో మందు కూడా ఓఆర్‌ఎస్సే.

ప్యాకెట్ కలపడం

చాలా సులువనిపించే ఈ పనిలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీళ్లలో పడాల్సినవి ఇవి: ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. గ్లూకోజు రుచి కోసం వేసింది కాదు. పేగు గోడలో గ్లూకోజూ సోడియమూ జంటగా లోపలికి పోయే దారి ఒకటుంది, అవి పోతే నీళ్లు వాటి వెంట పోతాయి. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఆ దారి చాలావరకు తెరిచే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా రోగులకు సెలైన్ సీసాలు చాలకపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఈ దారినే నమ్ముకుని ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించింది. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఇప్పుడు చేసి చూడండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. నీళ్లు కాచి పూర్తిగా చల్లార్చండి. వానాకాలంలో నల్లా నీళ్లు రంగు మారి వస్తుంటే కాచడం తప్పనిసరి. లీటరు సీసా మెడ దాకా నింపి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి ఒంపి, పొడి కనపడకుండా కరిగేదాకా ఊపండి. కలిపాక మళ్లీ కాచకూడదు. పాలలో, జ్యూస్‌లో, సోడాలో కలపకూడదు, పైన చక్కెర వేయకూడదు. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలపాలి. కలిపిన టైము సీసా మీదే రాసిపెట్టండి.

లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో కలిపి తాగేస్తే ఏమవుతుందో లెక్క కడదాం. సరిగ్గా కలిపిన ద్రావణం గాఢత, అంటే నీళ్లలో కరిగిన కణాల కొలత, లీటరుకు 245 మిల్లీఆస్మోల్స్. మన రక్తానిది సుమారు 290. గ్లాసు 200 మిల్లీలీటర్లు అనుకుంటే గాఢత అయిదింతలై 1225కు చేరుతుంది. అంత చిక్కని నీళ్లు పేగులోకి వెళితే ఒంట్లో నీళ్లనే పేగులోకి లాగుతాయి, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. చిన్నపిల్లలకైతే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. 200 మిల్లీలీటర్లకు కలపాల్సిన చిన్న ప్యాకెట్‌ను లీటరు సీసాలో వేస్తే ఉప్పు అయిదో వంతే మిగులుతుంది. కాబట్టి ప్యాకెట్ చించేముందు దాని మీద ఎన్ని నీళ్లకని రాసి ఉందో చూడండి.

టెట్రా ప్యాక్‌లలో పండ్ల రుచితో అమ్మే తియ్యటి డ్రింకులు ఓఆర్‌ఎస్ కావు. వాటి మీద ఆ పేరు పెట్టడంపై హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని డ్రింకులు ఆ మాట వాడరాదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. మీరు మాత్రం పేరు కన్నా వెనక రాసిన కొలతలనే నమ్మండి.

రాత్రిపూట ప్యాకెట్ దొరకలేదనుకోండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో గీసి కొలిచిన ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు వేయండి. స్పూను మీద గోపురంలా పోస్తే కొలత తప్పుతుంది, చాకు వీపుతో గీసేయాలి. కలిపాక నాలుక మీద వేసుకుని చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఉంటే పారబోసి మళ్లీ కలపండి. తెల్లారాక ప్యాకెట్ తెచ్చుకోండి, ఎందుకంటే ఇంటి నీళ్లలో పొటాషియం ఉండదు.

ఎంత తాగాలి? మోషన్ అయిన ప్రతిసారీ పెద్దవాళ్లు ఒక గ్లాసు. రెండు నుంచి పదేళ్ల పిల్లలు 100 నుంచి 200 మిల్లీలీటర్లు, రెండేళ్ల లోపు వాళ్లు 50 నుంచి 100. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక స్పూను చొప్పున మళ్లీ మొదలుపెట్టాలి. గటగటా తాగితే మళ్లీ వాంతే. కడుపు మాడ్చాల్సిన పని లేదు: గంజి, పెరుగన్నం, ఇడ్లీ పెట్టొచ్చు. నిన్నటి బిర్యానీ వేడి చేసి పెట్టకండి.

ఆపే మాత్ర

దీని అసలు పేరు లోపెరమైడ్, 2 మిల్లీగ్రాములు. ఇది క్రిమిని చంపదు. పేగు కదలికను నెమ్మది చేస్తుంది, అంతే. నీళ్లు పేగులో ఎక్కువసేపు నిలిచి లోపలికి ఇంకుతాయి. హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో బస్సెక్కి అయిదారు గంటలు కూర్చోవాల్సినవాడికి అది గొప్ప సాయం. ఇంట్లో మంచం మీద ఉండేవాడికి అంత అవసరం లేదు.

మోతాదు పెద్దవాళ్లకు మాత్రమే: మొదట రెండు మాత్రలు, తర్వాత నీళ్లగా అయిన ప్రతిసారీ ఒకటి. డాక్టర్ చెప్పకుండా రోజుకు 8 మిల్లీగ్రాములు, అంటే నాలుగు మాత్రలు దాటకూడదు. రెండు రోజుల్లో తగ్గకపోతే మాత్ర మానేసి డాక్టర్‌ను చూడాలి. కాగితం మీద ఇలా రాసుకోండి: ఉదయం 8 గంటలకు 2, మొత్తం 4 మి.గ్రా. 10:30కి 1, మొత్తం 6. ఒంటిగంటకు 1, మొత్తం 8. ఆ రోజుకు లెక్క మూసేసినట్టే. సాయంత్రం ఇంకోసారి అయితే ఓఆర్‌ఎస్ తాగాలి గానీ మాత్ర వేసుకోకూడదు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, వేసుకున్న అరగంటకు ఇంకోసారి వెళ్లాల్సి వస్తే మందు పనిచేయలేదనుకుని ఇంకో రెండు మింగుతారు. పని మొదలవడానికే గంట నుంచి మూడు గంటలు పడుతుంది, ఒంట్లోంచి పోవడానికి చాలా గంటలు పడుతుంది. మాత్రలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతే మలబద్ధకం, కడుపుబ్బరం వస్తాయి. మితిమీరిన మోతాదులో గుండె లయ దెబ్బతింటుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. క్లారిత్రోమైసిన్ (యాంటీబయోటిక్), కీటోకొనజోల్ (ఫంగస్ మందు) లాంటివి వాడుతున్నవాళ్లలో లోపెరమైడ్ రక్తంలో ఇంకా పెరుగుతుంది. వాళ్లు దీన్ని తమంతట తాము వేసుకోకూడదు.

ఈ కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా మాత్ర జోలికి వెళ్లొద్దు: మలంలో రక్తం లేదా చీము, 101 దాటిన జ్వరం, గట్టిపడి ఉబ్బిన కడుపు, ఇటీవల యాంటీబయోటిక్ కోర్సు వాడాక మొదలైన విరేచనాలు, పన్నెండేళ్ల లోపు వయసు. కారణం తేలికే. లోపల క్రిమి పేగు గోడను కొరుకుతున్నప్పుడు పేగు దాన్ని బయటికి తోసేయాలని చూస్తుంది. మనం ఆ తలుపు మూస్తే క్రిమీ, దాని విషమూ లోపలే ఉండిపోతాయి.

మందుల షాపు ముందు

"అన్నా, లూజ్ మోషన్స్‌కు గోలి ఇవ్వు" అని అడిగితే చేతికి వచ్చే కాగితం కవరులో తరచూ మూడు రకాలుంటాయి. వాటిలో ఒకటి నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిసిన యాంటీబయోటిక్ కావచ్చు. విరేచనాల్లో చాలావాటికి కారణం వైరస్, దాని మీద అది పనిచేయదు. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటే, అది లోపెరమైడ్ అయినా సరే, డాక్టర్ చీటీ లేకుండా తీసుకోకండి. కాబట్టి అడిగే తీరు మార్చండి: "లోపెరమైడ్ రెండు మిల్లీగ్రాములు, స్ట్రిప్‌గా ఇవ్వండి, కత్తిరించొద్దు." కత్తిరిస్తే పేరో తేదీయో అవతలి ముక్కలో ఉండిపోతుంది. అప్పుడు కిందటి పాఠం నేర్చుకున్నా దండగే.

ఒళ్లునొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇస్తే వద్దనండి. నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీ మీద పడతాయి. పారాసిటమాల్ చాలు.

ఇంట్లో పెద్దవాళ్లకు

షుగర్ ఉందని ఓఆర్‌ఎస్ ఆపేసేవాళ్లున్నారు. గ్లాసు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 2.7 గ్రాములే, టీ స్పూను చక్కెర కంటే తక్కువ. తాగించండి. ప్రమాదం వాళ్ల రోజువారీ మాత్రల్లో ఉంది. షుగర్ మాత్రలు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీళ్ల మాత్ర, పేరు చివర 'ప్రిల్' లేదా 'సార్టాన్' ఉన్న బీపీ మాత్రలు: ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు వీటితో ఇబ్బంది రావచ్చు. వాటిని కొద్ది రోజులు ఆపాలా వద్దా అన్నది మొదటి రోజే మీ డాక్టర్‌ను ఫోన్లో అడగండి. మీ అంతట మీరు ఆపకండి, ముఖ్యంగా ఇన్సులిన్‌ను. గుండె లేదా కిడ్నీ జబ్బుకు నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే ఓఆర్‌ఎస్ ఎంతో కూడా అడిగే తాగించండి.

పిల్లల గురించి రెండే మాటలు: ఆపే మాత్ర లేదు, తల్లిపాలు ఆపడం లేదు. ఆరు నెలలు దాటినవాళ్లకు ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ 20 మిల్లీగ్రాములు రోజుకోసారి, 14 రోజులు. విరేచనాలు ఆగినా కోర్సు పూర్తి చేయాలి.

ఆరేడు గంటలుగా మూత్రం లేకపోయినా, కళ్లు లోపలికి పోయినా, నోరెండి మత్తుగా ఉన్నా, గంజినీళ్ల లాంటి మలం ధారగా పోతున్నా, తాగింది ఏదీ నిలవకపోయినా ఇంటి వైద్యం అక్కడితో సరి. 108కి ఫోన్ చేయండి, లేదా హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి గానీ దగ్గర్లోని పెద్దాస్పత్రి గానీ చేరండి. దారిలోనూ ఓఆర్‌ఎస్ స్పూనుతో పడుతూనే ఉండాలి.

అభ్యాసం

ముగ్గురున్నారు. ఒకాయనకు 35 ఏళ్లు, జ్వరం లేదు, పొద్దున్నుంచి నాలుగుసార్లు అయింది, మధ్యాహ్నం రైలు ఉంది. ఒకావిడకు 68 ఏళ్లు, టెల్మిసార్టాన్ వాడుతోంది, అయిదుసార్లు అయింది. ఒక బాబుకు తొమ్మిదేళ్లు, మలంలో నెత్తుటి చార కనిపించింది. ఎవరికి ఏమిస్తారు, ఏమివ్వరు, ఎవరిని వెంటనే డాక్టర్ దగ్గరికి పంపుతారు, కాగితం మీద రాసి ఉంచండి. జవాబులు అయిదో పాఠం మొదట్లో ఉంటాయి.